చిత్త కార్తెలో మా మల్లి

మాది మడీ ఆచారం ఉన్న ఇల్లు. మా అత్తగారికి డెబ్బై మూడేళ్ళు. తెల్లవారుజామునే స్నానం చేసి, మడి కట్టుకుని, తులసికోట దగ్గర దీపం పెట్టుకునేదాకా గుక్కెడు కాఫీ కూడా ముట్టని మనిషి. అలాంటి ఇంట్లోకి కుక్క ఎలా వచ్చిందని రాజమండ్రిలో ఉన్న మా చుట్టాలంతా ఆశ్చర్యపోయారు. నాకూ ఆశ్చర్యమే!

2024 ఉగాది వెళ్ళిన మర్నాడు మావారు ఆఫీసు నుంచి వస్తూ ఒక బుట్టలో రెండు నెలల పామరేనియన్ పిల్లని తెచ్చారు. ఆయన స్నేహితుడింట్లో కుక్క నాలుగు పిల్లల్ని పెట్టిందట. మూడు మగవాటినీ ముందే ఎవరెవరో పట్టుకుపోయారు. ఇదొక్కటీ ఆడది. "ఆడకుక్కతో వేగలేం బాబూ, ఆర్నెల్లకోసారి ఇల్లంతా గొడవ" అని అందరూ వదిలేశారట. "ఊరికే ఇచ్చాడోయ్" అన్నారు మావారు, అదేదో లాభసాటి బేరమైనట్టు.

మా అత్తగారు రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. మూడో రోజు వసారాలో పడుకుని ఉన్న ఆ తెల్లటి ముద్దని దూరం నుంచే చూసి, "మల్లెపూల చెండులా ఉంది ముండ" అన్నారు. అంతే, దాని పేరు మల్లి అయిపోయింది. వంటింట్లోకీ దేవుడి గదిలోకీ రాకూడదనీ, తన మడిబట్టల దండెం దరిదాపులకి పోకూడదనీ షరతులు పెట్టారు. వసారా, హాలు, పెరడు దాని రాజ్యం. పెరుగన్నం తిని, మా అమ్మాయి బడి నుంచి వచ్చే వేళకి గేటు దగ్గర కూచుని, హాయిగా పెరిగింది.

మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి. అంతకు ముందు ఏడాది వేసవిలో పెద్దమనిషి అయింది. మా ఇంట్లో ఆ మూడు రోజులూ దూరంగా ఉండటం ఉంది. నేనూ కాపరానికి వచ్చిన దగ్గర్నుంచీ ఉన్నాను. మూలగదిలో ఒక చాప, ఒక కంచం, ఒక గ్లాసు. అమ్మాయి బడికి వెళ్ళొచ్చేది, వచ్చి ఆ గదిలో కూచునేది. ఎవరి మీదా ఎగిరేది కాదు. కానీ ఆ రోజుల్లో దాని ముఖం చూస్తే నాకు కడుపులో దేవినట్టుండేది. ఏం చెయ్యను? మా అమ్మ నాకేం చెప్పిందో, నేనూ దానికి అదే చెప్పాను. "ఆడపుట్టుక పుట్టాక తప్పదమ్మా" అన్నాను. అంతకు మించి నాకు మాటలు రాలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ ఏడాది దసరా వెళ్ళిన వారానికి, శనివారం పొద్దున్న అందరం హాల్లో ఉన్నాం. గచ్చు మీద ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది. మా అమ్మాయి గభాలున లేచింది. లంగా వెనక్కి తిప్పి చూసుకుంది. పరుగెత్తుకెళ్ళి తడిగుడ్డ తెచ్చి, వాళ్ళ నాన్న చూడకుండా ఆ చుక్క తుడిచేసింది. ఆ తుడిచే తొందర చూసి నాకు నోట మాట రాలేదు. ఇంకో నిమిషానికి మరో చుక్క. ఈసారి మల్లి కూచున్న చోట. అప్పటికి గానీ తెలియలేదు, అది మల్లిదని.

మా అత్తగారు వసారాలోంచే, "చిత్త కార్తె కదటే! ఎదకొచ్చింది. వీధికుక్కలన్నీ ఇక మన గుమ్మంలోనే. ముందు దాన్ని పెరట్లో కట్టెయ్యండి. ఇల్లంతా మైల చేస్తుంది" అన్నారు.

మా అమ్మాయి గుడ్డ చేత్తో పట్టుకునే ఉంది. "మల్లినీ మూలగదిలో పెడతావా మామ్మా? నా చాప దానికి ఇచ్చెయ్యనా?" అంది. వెటకారంగా కాదు, మామూలుగానే అడిగింది. అందుకే మరీ గుచ్చుకుంది. ఎవ్వరం సమాధానం చెప్పలేదు. మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే మల్లిని ఆటోలో పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ నా వయసు మనిషే. ఎంత ఓపికగా చెప్పారో! ఎనిమిది నెలలకి ఎదకు రావడం మామూలేనట. చిన్నజాతి కుక్కలు ఆరు నెలల నుంచి ఏడాది లోపు వస్తాయి, పెద్దజాతివి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్ళు కూడా పడతాయి. తర్వాత సుమారు ఆరేడు నెలలకోసారి వస్తుంది. వచ్చినప్పుడల్లా రెండు మూడు వారాలు ఉంటుంది. "మీరు ఇరవై ఒక్క రోజులు లెక్క పెట్టుకోండి, ఒకటి రెండు రోజులు ఎక్కువే వేసుకోండి" అన్నారు.

"ఇంజెక్షన్ వేస్తే ఆగిపోతుందటగా మేడమ్?" అని అడిగాను. మా ఎదురింటావిడ చెప్పింది మరి. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆ మందులతో గర్భసంచికి చీము పట్టే ప్రమాదం ఉందనీ, మొదటిసారి ఎదకు వచ్చిన చిన్నదానికి తను వెయ్యననీ అన్నారు. పోనీ తోకకి ఘాటైన బామ్ ఏదైనా రాస్తే వాసన తెలియదంటారు కదా అంటే, "అది నాకుతుందమ్మా. మంట దానికే గానీ మగకుక్కలకి కాదు" అని నవ్వారు. వాటి ముక్కు ముందు మన తంటాలేవీ పనిచెయ్యవట.

ఈ వయసులో కడుపొస్తే ఏమవుతుందని అడిగాను. ఇంకా ఎముకలు గట్టిపడని పిల్ల, అరవై మూడు రోజులు మోసి కనాలంటే ప్రాణం మీదికి రావచ్చన్నారు. పైగా వీధికుక్కతో కలిస్తే ఆ భాగంలో కంతులు వచ్చే జబ్బు ఒకటి అంటుకుంటుందట, మన దేశంలో వీధికుక్కల్లో అది బాగానే ఉందిట. కరిస్తే రేబీస్ భయం ఉండనే ఉంది. నేను అడుగుతూనే ఉన్నాను, ఆవిడ చెబుతూనే ఉన్నారు. మందుల చీటీ వెనక రాసుకుని ఇంటికొచ్చాను.

నేర్చుకున్నవన్నీ ఆచరణలో పెట్టాను. వంటింటి కాలెండర్లో ఆ శనివారానికి పెన్సిలుతో చిన్న గీత గీసి, అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పాత నేత చీరలు రెండు చింపి, నాలుగు మడతలు వేసి, దాని పక్క మీద పరిచాను. రోజుకి రెండుసార్లు మార్చి, ముందు చన్నీళ్ళలో కాస్త ఉప్పు వేసి నానబెట్టి, తర్వాతే సబ్బు పెట్టేదాన్ని. వేణ్ణీళ్ళు పోస్తే మరక బట్టకి పట్టేస్తుంది, అది మనందరికీ తెలిసిందే. కుక్కలకి కట్టే డైపర్లు షాపులో దొరుకుతున్నాయి. పగటిపూట హాల్లో ఉన్నప్పుడు కట్టేదాన్ని గానీ, మూడు నాలుగు గంటలకోసారి తీసి, తుడిచి, ఆరనిచ్చేదాన్ని. లేకపోతే అక్కడ ఒరుసుకుపోయి పుండు పడుతుంది. డైపరు గచ్చు పాడవకుండా ఉండటానికే. మగకుక్కని అది ఆపుతుందనుకుంటే మోసపోతాం. గచ్చు తుడిచే నీళ్ళలో ఫినాయిల్ మానేశాను. అస్తమానం నాక్కునే రోజులు కదా, ఆ ఘాటు దాని కడుపులోకి పోకూడదు.

అన్నం సరిగా తినేది కాదు. ఒక పూట అంతా మూలిగి పడుకునేది, ఇంకో పూట ఇల్లంతా తిరిగేది. మాటిమాటికీ ఉచ్చకి వెళ్ళేది. డాక్టరు గారు ముందే చెప్పారు, ఆ రోజుల్లో ఆ వాసనే అది మగకుక్కలకి రాసే ఉత్తరమని! అందుకే గేటు బయటికి పంపకుండా పెరట్లోనే ఒక మూల అలవాటు చేసి, వెంటనే నీళ్ళు కుమ్మరించేదాన్ని. తీసుకెళ్ళినప్పుడు మెడపట్టీ కాకుండా ఛాతీ చుట్టూ వచ్చే పట్టీ కట్టి, గొలుసు చేతికి చుట్టుకునేదాన్ని.

అయినా మూడో రోజుకే గేటు ముందు సభ మొదలైంది. మా వీధివి కాక పై వీధివి, ఎప్పుడూ చూడనివి కూడా! పడుకోవడం, లేవడం, ఒకదాన్నొకటి కరుచుకోవడం. రాత్రిళ్ళు ఒకటే ఏడుపు. పాలబ్బాయి గేటు దాకా రానని వీధి చివరే నిలబడి కేకేసేవాడు. పక్కింటి మాస్టారు గారు, "అమ్మాయ్, ఇంకెన్నాళ్ళమ్మా?" అని అడిగితే సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు ఎందుకో చూడండి! అందులో నేను చేసిన తప్పేముంది? మల్లి చేసినది మాత్రం ఏముంది?

మా అత్తగారు మాత్రం మల్లి వైపు చూసేవారు కాదు. దాని గుడ్డలు నేను ముట్టుకుంటే మళ్ళీ స్నానం చేసి గానీ వంటింట్లోకి రావద్దన్నారు. చేశాను. రోజుకి మూడు స్నానాలు! ఒక్క విషయంలో మాత్రం మొదటిసారి ఆవిడ మాట కాదన్నాను. పెరట్లో కట్టెయ్యలేదు. మా గోడ నడుమెత్తు. కట్టేసి ఉన్న కుక్క పారిపోవడానికైనా ఉండదు. "ఇంట్లోనే ఉంటుంది అత్తయ్యా, డాక్టరు గారు చెప్పారు" అన్నాను. డాక్టరు పేరు చెబితే గానీ నాకు ధైర్యం రాలేదు.

ఇక్కడే నేను పెద్ద పొరపాటు చేశాను. మీలో ఎవరూ చెయ్యకూడదనే ఇదంతా రాయడం.

పదో రోజుకి చుక్కలు తగ్గాయి. పన్నెండో రోజుకి ఎరుపు పోయి, గడ్డి కడిగిన నీళ్ళలా లేతగా అయింది. హమ్మయ్య అనుకున్నాను. మా అత్తగారు కూడా, "పురిటి మైలైనా పదకొండో రోజుకి పోతుంది. రేపు నరక చతుర్దశి. అందరితో పాటు దానికీ తలంటి పోసెయ్యి, శుద్ధి అయిపోతుంది" అన్నారు. చీటీ వెనక ఇరవై ఒకటి అని నా చేత్తో నేనే రాసుకున్నాను. అయినా ఎర్రది ఆగిందంటే అయిపోయినట్టే కదా అని మనసు చెప్పింది. మనకి అంతే కదా! ఆగాక తలస్నానం, తలస్నానం అయితే అన్నీ మామూలు. కుక్కకి కూడా అంతే అనుకున్నాను.

అక్టోబరు 31. తెల్లవారుజామున అందరికీ తలంట్లు అయ్యాయి. మల్లికి కూడా పెరట్లో నాలుగు చెంబులు పోసి, తుడిచి, ఎండలో ఆరుతుందని గొలుసు విప్పేశాను. ప్రమిదలు కడగడానికి లోపలికి వెళ్ళాను. పెరట్లో మా అత్తగారొక్కరే మడిబట్టలు దండెం మీద ఆరేసుకుంటున్నారు. మా అమ్మాయి మెట్ల మీద కూచుని తల ఆరబెట్టుకుంటోంది.

ఎక్కడి నుంచి చూసిందో, గోధుమరంగు వీధికుక్క ఒకటి గోడ మీదికి లంఘించింది. మల్లికి నాలుగింతలుంటుంది. ఆపరేషన్ చేసిన వీధికుక్కలకి చెవి చివర కాస్త కత్తిరించి గుర్తు పెడతారు కదా, దానికి రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. మల్లి పారిపోలేదు. మొన్నటిదాకా మగకుక్క వాసన వస్తేనే గుర్రుమని కూచుండిపోయేది, ఇప్పుడు తోక పక్కకి తిప్పి కదలకుండా నిలబడింది. మా అమ్మాయి కేక పెట్టింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను.

మా అత్తగారు దండెం కర్రతో గచ్చు మీద ఫెడీ ఫెడీమని కొడుతున్నారు. "పో! పోరా! పసిదాని మీదికా వస్తావూ!" అని అరుస్తున్నారు. ఆవిడ గొంతు అంత పైకి లేవడం నా పాతికేళ్ళ కాపరంలో నేను వినలేదు. కుక్క పళ్ళు చూపించింది. ఆవిడ వెనక్కి తగ్గలేదు. కర్ర రెండు చేతుల్తో అడ్డం పట్టుకుని మధ్యలోకి వెళ్ళి, వంగి, మల్లిని నడుం దగ్గర ఒడిసి పట్టి ఎత్తేశారు. మడిచీరతో! తడి కుక్కని! అలాగే గుండెకి అదుముకుని, వంటింటి గుమ్మం దాటి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. నేను బక్కెట్టు నీళ్ళు కుమ్మరించేసరికి ఆ కుక్క గోడ దూకి పోయింది.

తలుపు తోసుకుని వెళ్ళి చూస్తే ఆవిడ మంచం మీద కూచుని ఉన్నారు. ఒళ్ళో మల్లి. ఇద్దరూ వణుకుతున్నారు. కర్ర ఇంకా చేతిలోనే ఉంది. "కరిచిందా అత్తయ్యా?" అన్నాను. చేతులూ కాళ్ళూ అన్నీ చూశాను. గీత కూడా పడలేదు. దేవుడి దయ. "నాకేమవుతుందే! దీన్ని చూడు, గుండె ఎలా కొట్టుకుంటోందో" అన్నారు.

డాక్టరు గారికి ఫోన్ చేస్తే చీవాట్లు పెట్టారు. "ఎరుపు తగ్గి లేతగా అయ్యే రోజులే అసలు రోజులమ్మా! అప్పటిదాకా మగకుక్కని అది దగ్గరికి రానివ్వదు. అప్పటి నుంచే రానిస్తుంది. మీ లెక్క దానికి పనికిరాదు" అన్నారు. మనకీ దానికీ తేడా అప్పుడు విడమర్చి చెప్పారు. మనకి ముందు అండం విడుదలవుతుంది, గర్భం నిలవకపోతే రెండు వారాలకి రక్తం పోతుంది. కుక్కలకి ముందు రక్తం, ఆ తర్వాత అండం. మనకి అది ముగింపు, వాటికి మొదలు. నేను ఇంటర్లో బైపీసీ చదివిన దాన్నే. ఆ పాఠం వచ్చినప్పుడు మా లెక్చరరు గారు, "ఇది మీరే చదువుకోండి" అని నాలుగు పేజీలు ఒక్కసారే తిప్పేశారు. ఆ పేజీలు నేను మళ్ళీ తెరవలేదు. నలభై నాలుగేళ్ళకి, అదీ కుక్క పుణ్యమా అని, ఫోన్లో పాఠం చెప్పించుకున్నాను.

ఆ రాత్రి దీపావళి. వీధంతా టపాకాయలు. ఎదలో ఉన్న కుక్క, పైగా ఆ మోతకి బెదిరి గేటు సందులోంచి పారిపోతే ఇక దొరకదు. కిటికీలన్నీ వేసి ఫ్యాను పెట్టి మల్లిని అత్తగారి గదిలోనే మంచం కింద పడుకోబెట్టాను. మా అమ్మాయి మతాబులు కాల్చడానికి కూడా వెళ్ళకుండా దాని పక్కనే కూచుంది. మా అత్తగారు చీకట్లో మెల్లగా చెప్పారు.

"మా పుట్టింట్లో నన్ను గొడ్లసావిట్లో కూచోబెట్టేవారే. మార్గశిరం చలి. ఆవు పక్కన వెచ్చగా ఉంటుందని దాన్ని ఆనుకుని పడుకునేదాన్ని. ఒక రాత్రి ఎవడో తాగినవాడు సావిడి తలుపు తట్టాడు. కేకేస్తే మైలదాన్ని ఎవరు ముట్టుకోవాలని లోపల్నుంచి ఒక్కరూ రాలేదు. ఆవు లేచి నిలబడి బుస కొడితే పోయాడు. పొద్దున్న ఆ కుక్క దూకినప్పుడు అదే గుర్తొచ్చింది."

మా అమ్మాయి ఏమీ అనలేదు. కాస్సేపటికి మామ్మ మోకాలి మీద తల పెట్టుకుంది. నేను గుమ్మంలో నిలబడే ఉన్నాను.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మల్లి కోసం ఆటో కట్టించుకుని వెళ్ళాను, డాక్టరుని పది ప్రశ్నలు అడిగాను, చీటీ వెనక రాసుకున్నాను. నా కడుపున పుట్టిన పిల్ల కోసం ఒక్క ప్రశ్న అడిగానా? దానికి నొప్పి వస్తోందా, భయం వేస్తోందా, ఇదెందుకు వస్తుందో తెలుసా అని కూచోబెట్టుకుని ఒక్కసారైనా మాట్లాడానా? గచ్చు మీద చుక్క కనిపిస్తే తప్పు చేసినదానిలా తుడిచేసుకుంది. అది దానికి నేర్పినదెవరు? మా అత్తగారి మీద తోసెయ్యడం తేలికే. నేర్పింది నేనే, నోరు మెదపకుండా నేర్పాను.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మాయిని పిలిచి, డాక్టరు గారు చెప్పిందంతా చెప్పాను. ముందు మల్లి గురించి, తర్వాత మన గురించి. మల్లి నుంచి మొదలుపెడితే సులువుగా ఉంది. "అయితే అది మురికి రక్తం కాదా అమ్మా?" అని అడిగింది. కాదన్నాను. బిడ్డ కోసం కడుపులో పరుచుకున్న పక్క, బిడ్డ రాకపోతే తీసేస్తుంది అంతే అన్నాను. "మరి మల్లిని గదిలో పెట్టింది?" అంది. "అది మైలపడిందని కాదు, దానికి ప్రమాదమని" అన్నాను. "మరి నన్ను?" అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. ఉన్నట్టు నటించడం ఇష్టం లేక, "నాకు తెలియదమ్మా. నేనూ ఎప్పుడూ అడగలేదు" అన్నాను. లోపల మంచం మీద పడుకున్న మా అత్తగారికి ఇదంతా వినిపిస్తూనే ఉంది.

మల్లిని ఈసారి బుద్ధిగా నవంబరు 10 దాకా, అంటే ఇరవై మూడు రోజులూ కాపాడాం. వాపు పూర్తిగా తగ్గి, గేటు ముందు కుక్కలు వాటంతట అవే వెళ్ళిపోయాకే పెరట్లోకి వదిలాం. ఆ తర్వాత వారానికి మా అమ్మాయికి నెలసరి వచ్చింది. అలవాటుగా మూలగదిలోకి వెళ్ళబోతే మా అత్తగారు, "ఆ గదిలో దోమలు. చాప తెచ్చుకుని నా మంచం పక్కన వేసుకో" అన్నారు. అంతే. వంటింట్లోకీ దేవుడి గదిలోకీ ఇప్పటికీ వెళ్ళం. మా ఇంట్లో అన్నీ మారిపోయాయని నేను చెప్పను. మూలగదిలో మాత్రం ఇప్పుడు బియ్యం బస్తాలున్నాయి.

ఆడకుక్కని పెంచుకునే వాళ్ళకి ఇంకో నాలుగు మాటలు. ఎద అయిపోగానే నిశ్చింతగా ఉండకూడదు. ఆ తర్వాత నెలా రెండు నెలల్లో నీళ్ళు ఎక్కువగా తాగడం, వాంతులు, నీరసం, కింద చీము లాంటిది రావడం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి. గర్భసంచికి చీము పట్టి ఉండవచ్చు, ప్రాణం పోయే జబ్బు అది. కడుపు లేకపోయినా కొన్ని కుక్కలకి పాలు చేరి, బొమ్మల్ని పిల్లల్లా పొదువుకుంటాయి. పాలు పిండవద్దు, పిండేకొద్దీ ఇంకా చేరతాయి. చాలావరకు రెండు మూడు వారాల్లో అదే తగ్గుతుంది. ఇక ఎంత జాగ్రత్తపడినా ఒక్కోసారి మగకుక్కతో కలిసిపోవచ్చు. అలా అతుక్కున్నప్పుడు కొట్టి, నీళ్ళు పోసి, లాగి విడదీయకండి. పది నిమిషాల నుంచి అరగంటలో అవే విడిపోతాయి. లాగితే రెంటికీ గాయాలవుతాయి. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించడం మేలు. "ఒక్క కాన్పయినా కానిచ్చి చేయించాలి, లేకపోతే పాపం" అని నాకూ చాలామంది చెప్పారు. అందులో నిజం లేదని, ఒక కాన్పు వల్ల కుక్కకి ఒరిగేదేమీ లేదని డాక్టరు గారు అన్నారు. ఎద అయిన వెంటనే ఆ భాగంలో రక్తప్రసారం ఎక్కువ కాబట్టి రెండు మూడు నెలలు ఆగమన్నారు. 2025 సంక్రాంతి వెళ్ళాక చేయించాం. కుట్లు నాక్కోకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు తగిలిస్తే, దాంతో గుమ్మాలన్నీ గుద్దుకుంటూ తిరిగింది. పన్నెండు రోజులకి మామూలైపోయింది.

ఆపరేషన్‌కి మా అత్తగారు ఒప్పుకోరనుకున్నాను. చెప్పగానే కాస్సేపు ఊరుకుని, "నాకు ఆరు కాన్పులు. మూడే దక్కాయి. కావాలా అని నన్నెవరూ అడగలేదు. దాన్నైనా సుఖంగా ఉండనీ" అన్నారు.

మల్లి గీత ఇప్పుడు కాలెండర్లో లేదు. ఆ పెన్సిలుతోనే మా అమ్మాయి తన తేదీ గీసుకుంటోంది. వంటింట్లోకి వచ్చే పోయే అందరికీ కనిపించేలాగే ఉంటుంది ఆ గీత. మొదట్లో నాకే బెరుకుగా ఉండేది, వాళ్ళ నాన్న చూస్తారేమోనని. మొన్న మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని కాలెండర్లో ఏకాదశి ఎప్పుడో వెతుక్కుంటూ, ఆ గీత దగ్గర వేలు పెట్టి ఆగారు.

"ఏమే, ఈ నెల నాలుగు రోజులు ముందొచ్చిందే! సరిగా తింటున్నావా లేదా?" అని కేకేశారు. తర్వాత నా వైపు తిరిగి, "దానికి నువ్వులుండ చేసి పెట్టు. బెల్లం కాస్త ఎక్కువే వెయ్యి" అన్నారు.